రెండు సెకన్లలో అవునండి

31వ రోజు

పంపుల లాగ్‌బుక్కు వెనకవైపు పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఈ ఓడలో కాగితమన్నది ఇదొక్కటే. ఇంకెక్కడ ఏం రాసినా, ఏం వాగినా తక్కెడ అనే మిషను చదివేస్తుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా పేరు దేవమణి. మాది నిజాంపట్నం. పంపుల పని నాది. నాకు కోపం జాస్తి అని మా అమ్మ అంటుండేది. ఈ ఓడెక్కి నెల తిరిగేసరికి ఆవిడ తక్కువే చెప్పిందని అర్థమైంది.

దక్షిణాన విరిగిపడ్డ మంచుకొండకి తాళ్ళు కట్టి మా తీరానికి లాక్కెళ్తున్నాం. మా వైపు బావుల్లో, బోర్లలో ఉప్పునీళ్ళు తప్ప ఇంకేం రావట్లేదు. ఈ కొండ చేరితే మూడు మండలాలు రెండేళ్ళపాటు తాగుతాయి. ఎండకి కరగకుండా దాని నిండా తెల్లగుడ్డ కప్పాం. అయినా కరిగి మడుగులు కట్టే నీళ్ళని నేను తోడి తొట్లలోకి ఎక్కిస్తాను. కొండకి ఉత్తరాన ఒక గుంజ, దక్షిణాన ఒక గుంజ. గేదెని కట్టేసే గుంజలాంటిదే, కాకపోతే తాటిచెట్టంత ఇనుము. దాన్ని మంచులోకి దించి, తాడు తగిలిస్తే ఓడ లాగుతుంది. గుంజ ఊడిందంటే చుట్టూ ఉన్న మంచు మొత్తం పెళ్ళగిలి సముద్రంలోకి పోతుంది. అక్కడ నిలబడ్డ మనిషీ పోతాడు. ఉత్తరపు గుంజ దగ్గర రోజూ నిలబడి చిత్తడి ఎత్తిపోసేది మా తమ్ముడి భార్య రూతు.

ఇక తక్కెడ సంగతి. ఓడలో తొమ్మిది మందిమి, నాలుగు దేశాలవాళ్ళం. పొద్దున ఎనిమిదింటికి మీటింగు. ఎవరి భాషలో వాళ్ళం మాట్లాడతాం, చెవిలో పెట్టుకున్న బొత్తంలో మన భాషలో వినపడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ తక్కెడ మాటని మార్చి చెప్పడంతో ఆగదు, తూస్తుంది. ఏ దేశపు మనిషి ఏ మాటంటే దానికి ఎంత బరువో కంపెనీవాళ్ళు లెక్కకట్టి దాని బుర్రలో పోశారు. తూచిన తర్వాత మీటింగు గది గోడ మీద రంగు వస్తుంది. పచ్చ వస్తే పని జరుగుతుంది. పసుపు వస్తే సంజాయిషీ. ఎరుపు వస్తే ఆ మాటన్నవాడి పరువు పోయినట్టే.

ఈ పొద్దున ఓడ నడిపే మారిట్ అనే డచ్చావిడ, రాత్రి వండింది కుక్క కూడా తినదు అంది. గోడ చలించలేదు. డచ్చివాళ్ళు అట్లాగే అంటారని దానికి తెలుసు. తర్వాత నేను, కూరలో ఉప్పు కాస్త ఎక్కువైందేమో అన్నాను. గోడ పసుపెక్కి, వంటవాడు ఎర్కిని సంజాయిషీ అడిగింది. అతను ఫిన్లాండు మనిషి, నోట్లోంచి మాట ఊడిపడదు. చాలాసేపు ఊరుకున్నాడు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు అని తక్కెడ తేల్చింది. పాపం వాడు రేపటినుంచి ఉప్పు వెయ్యడు.

మా తెలుగువాళ్ళ కార్డు ఓడెక్కే ముందే చదివించారు. పెద్దల ఎదుట కాదనరు. మౌనంగా ఉంటే ఒప్పుకోనట్టు. కిందివాళ్ళు మాట్లాడితే అది పైవాడి మాటే. దుఃఖంలో ఉన్నప్పుడు మాట పెద్దది చేస్తారు. చదివి ఒళ్ళు మండిపోయింది. ఎవడు రాశాడో వాడి నాలుగు మాటల్లో నేనెక్కడున్నానో వెతుక్కుంటే, నాలుగింటిలోనూ ఉన్నాను. అదింకా మంటెక్కించింది.

34వ రోజు

ఉత్తరపు గుంజ వాలింది. మంచులో పెట్టిన సెన్సార్లు పన్నెండో రోజుకే చచ్చాయి. అప్పటినుంచి గుంజ నెత్తినుంచి మేస్త్రీల తూకం గుండు వేలాడదీసి, అడుగున ఎన్ని వేళ్ళ ఎడముందో నేనే కొలుస్తున్నాను. ఇవాళ రెండు వేళ్ళు. మొన్నటిదాకా దారం గుంజని అంటుకునే ఉండేది.

మేం తెలుగువాళ్ళం నలుగురం. మంచుపనికి పెద్ద వీరభద్రం గారు, మా ఊరాయనే, నాకు చిన్నప్పటినుంచి బాబాయ్. నన్నూ రూతునీ ఈ పనికి తీసుకొచ్చింది ఆయనే. నాలుగోవాడు తాడు చుట్టే అంకబాబు. మాకు అసలు మీటింగు ఆరున్నరకే, ఉప్మా పళ్ళేల ముందు. ఏదున్నా అక్కడ అనుకుంటాం, అరుచుకుంటాం, తేల్చుకుంటాం. ఎనిమిదింటి మీటింగులో బాబాయ్ ఒక్కడే మాట్లాడతాడు. మా ఊళ్ళో బోటు మీదైనా ఇంతే. నడిసముద్రంలో నలుగురు నాలుగు మాటలంటే బోటు ఎటూ పోదు.

ఈ పద్ధతిని తక్కెడ ఒకసారి చీల్చి చెండాడింది. పంతొమ్మిదో రోజున బాబాయ్ తాళ్ళు బాగున్నాయి అన్నాడు. మేం ముగ్గురం అలవాటుగా గమ్మున కూర్చున్నాం. అది మా మౌనాన్ని తూచి గోడనంతా ఎర్రగా చేసింది. ఈయన మాట మీద సొంత మనుషులకే నమ్మకం లేదు అని నాలుగు భాషల్లో చదివింది. తాళ్ళు నిజంగానే బాగున్నాయి. బాబాయ్ మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద పనిచేసిన మనిషి మా మొహాల్లోకి చూడలేకపోయాడు.

ఆ తర్వాత మేమొక కట్టుబాటు పెట్టుకున్నాం. బాబాయ్ నోరు మూసిన రెండు సెకన్లలోపల ముగ్గురం గట్టిగా అవునండి అనాలి. ఉప్మా తింటూ ప్రాక్టీసు కూడా చేశాం, అంకబాబు గరిటెతో టైము కొట్టాడు. అప్పటినుంచి మా మీటింగులన్నీ పచ్చే. తక్కెడని బోల్తా కొట్టించామని తెగ మురిసిపోయాం.

రెండు వేళ్ళ సంగతి రూతు, అంకబాబు రాకముందే ఉప్మా దగ్గర చెప్పాను. బాబాయ్ తింటూనే, "నే చూసుకుంటాలే" అన్నాడు.

36వ రోజు

మూడు వేళ్ళు.

మీటింగులో మారిట్ గుంజలు ఎట్లా ఉన్నాయని అడిగింది. గట్టిగానే ఉన్నాయి, నిలబడతాయి అన్నాడు బాబాయ్. మేం ముగ్గురం అవునండి అన్నాం. పచ్చ.

బయటికొచ్చాక మెట్ల దగ్గర మారిట్ నన్ను ఆపింది. ఆరడుగుల మనిషి, ఎదురుగా నిలబడితే వెలుతురు రాదు. నలుగురిలో ముక్కు చీదుతుంది, ఇంకొకళ్ళ పళ్ళెంలోంచి అడక్కుండా తింటుంది, చూపు తిప్పుకోకుండా మాట్లాడుతుంది. నాకు మొదటిరోజునుంచీ గిట్టలేదు.

కొలిచేది నువ్వు కదా, ఎంతుందో చెప్పు అంది. మా పెద్దాయన చెప్పాడుగా అన్నాను. ఆయన్ని కాదు నిన్ను అడుగుతున్నాను అంది. మా ఇంట్లో పెద్దవాళ్ళుండగా చిన్నవాళ్ళం అడ్డం మాట్లాడం అన్నాను.

"ఇది మీ ఇల్లు కాదు. ఇది మంచుగడ్డ" అంది.

లాగి ఒకటి ఇవ్వాలన్నంత కోపం వచ్చింది. మా బాబాయ్ వెనక నాచేత ఆయన మీద చెప్పిద్దామని చూస్తోంది. అదేదో తన దేశంలో చేసుకోమను. అంతా బాగానే ఉంది అని మొహాన చెప్పి వచ్చేశాను. నా అబద్ధానికి తక్కెడ ఎంత బరువు వేసుకుందో తెలీదు.

పడుకున్నాక మూడు వేళ్ళే గుర్తొస్తున్నాయి. మారిట్ మీద ఇంకా కోపం.

37వ రోజు

తెల్లారగట్ల పంపు సరిచెయ్యడానికి వెళ్తే ఉత్తరపు గుంజ దగ్గర బాబాయ్ ఉన్నాడు. ఒక్కడే. మడుగులోంచి బక్కెట్టుతో మంచినీళ్ళు తెచ్చి గుంజ మొదట్లో పోస్తున్నాడు. ఆ వేళప్పుడు చలికి పోసిన నీళ్ళు నిమిషాల్లో గడ్డకడతాయి. మొక్కకి నీళ్ళు పోసినంత జాగ్రత్తగా చుట్టూ తిరిగి పోస్తున్నాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎన్ని రోజులనుంచి పోస్తున్నాడో.

నన్ను చూసి సిగ్గుపడ్డాడు. గుంజ దించినప్పుడు ఇక్కడ మంచు గుల్లగా ఉందని అంకబాబు అన్నాడట, ఈయనే పర్లేదు దించమన్నాడట. ఇప్పుడు పీకి ఇంకోచోట దించాలంటే ఆరు రోజులు ఓడ ఆపాలి. ఎందుకు ఆపాలో గోడ మీద రాయాలి. ఇంకో వారంలో చల్లటి నీళ్ళ పాయ ఒకటి తగులుతుంది, అక్కడ గుంజ దానంతటదే బిగుస్తుంది, అంతవరకూ మెల్లగా లాగితే చాలు అన్నాడు.

"రూతుని ఇయ్యాల్టినుంచి వంటగదికి పంపు. ఇక్కడ నేనుంటా" అన్నాడు.

రూతు ఏడ్చింది. తన పని బాగాలేక తీసేశారనుకుంది. నేనేం తప్పు చేశాను వదినా అని మధ్యాహ్నమంతా నా వెనకే తిరిగింది. ఏం చెప్పను. బాబాయ్ నీ ప్రాణానికి తన ప్రాణం అడ్డం పెట్టాడని చెప్పాలంటే గుంజ సంగతి చెప్పాలి. పని చూసుకో పో అని కసిరాను.

39వ రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎడం నాలుగు వేళ్ళు. ఉప్మా దగ్గర రూతు, అంకబాబు ఉన్నారని బాబాయ్‌కి నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాను. తలూపాడు.

మీటింగులో మారిట్ కొత్త సంగతి ఎత్తింది. ముందర వెచ్చటి నీళ్ళ పాయ అడ్డం వస్తోంది. రేపు తెల్లారి మొదలుపెట్టి పూర్తి జోరున లాగితే రెండు రోజుల్లో దాటిపోతాం. ఇప్పటిలా మెల్లగా వెళ్తే వారం పడుతుంది, కొండలో పావువంతు కరిగిపోతుంది. పూర్తి జోరుకి గుంజలు ఆగుతాయా అని బాబాయ్‌ని అడిగింది.

బాబాయ్ వెంటనే చెప్పలేదు. బొబ్బల చేతులు బల్లమీద పెట్టి చూసుకుంటున్నాడు. ఒక సెకను. రెండు. నా కళ్ళు గోడ మీదికి పోయాయి. ఊరుకున్నకొద్దీ అది తూస్తుంది. పంతొమ్మిదో రోజు ఎరుపు, ఆ చదివిన గొంతు, ఆయన తినకుండా తోసేసిన కంచం గుర్తొచ్చాయి. బాబాయ్ తలెత్తాడు. నోరు తెరిచాడు.

నేను "అవునండి" అన్నాను.

ఆయన ఏమీ అనకముందే అనేశాను. వెనకాలే అంకబాబు, రూతు కూడా అలవాటుగా అందుకున్నారు. కిందివాళ్ళు మాట్లాడితే అది పైవాడి మాటే. గోడ పచ్చబడింది.

బాబాయ్ గోడ వంక చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉండుంటే బావుండేది. ఇప్పుడు ఆయన కాదంటే నేను నలుగురిలో అబద్ధాలకోరునవుతాను, గోడ నా పేరుమీద ఎర్రబడుతుంది. అది నాకప్పుడు తట్టలేదు. ఆయనకి తట్టింది.

"అవునండి, ఆగుతాయి" అన్నాడు.

మారిట్ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, పచ్చ ఉంది కదా అని లేచింది.

బయట నేను నోరు విప్పబోతే, పర్లేదులే అమ్మాయ్, పొద్దున ఇంకో పది బక్కెట్లు ఎక్కువ పోస్తే సరి అన్నాడు. నేనూ సరే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. మారిట్ గది నా గదికి నాలుగు అడుగుల దూరం. వెళ్ళి తలుపు కొట్టలేదు. ఆవిడ ముందు మా మాట మేమే తప్పని ఒప్పుకోవడం నావల్ల కాలేదు.

40వ రోజు

ఏడింటికి ఇంజను జోరు పెంచారు. నేను నడిమడుగు పంపు దగ్గరున్నాను. తాడు బిగుసుకున్న చప్పుడు అక్కడికి వినిపించింది. రేడియోలో బాబాయ్‌ని వచ్చెయ్యమన్నాను.

"ఇంకో రెండు బక్కెట్లు పోసొస్తా" అన్నాడు.

ఒకటి పోసినట్టున్నాడు.

గుంజ ఊడగానే మారిట్ క్షణంలో ఇంజను ఆపింది. ఆ క్షణం సరిపోలేదు. అంకబాబు, ఎర్కి, నేను సాయంత్రందాకా పడవ వేసుకుని తిరిగాం. తెల్లగుడ్డ దొరికింది, బక్కెట్టు దొరికింది. ఎర్కి నీళ్ళల్లోకి దిగి నీలంగా మారిపోయేదాకా వెతికాడు. వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. తక్కెడ దాన్నెట్లా తూచిందో.

42వ రోజు

విచారణ. ఒక్కొక్కళ్ళం గోడ ముందు కూర్చుని చెప్పాలి. నేను అంతా చెప్పాను. రెండు వేళ్ళు, మూడు, నాలుగు. రెండు సెకన్ల కట్టుబాటు. ఆయన కాదనబోయాడు, నేను అడ్డం పడ్డాను, ఆయన్ని చంపింది నా మాటే అన్నాను.

గోడ కొంచెంసేపు ఆలోచించి, చెవిలో మెత్తటి ఆడగొంతుతో నా బాధ తనకి అర్థమైందంది. మా దేశంలో సొంతమనిషి పోతే తప్పు నెత్తినేసుకుని ఏడవడం మామూలేనట. నా మాటకి పదోవంతు బరువు వేసింది.

అరిచాను. కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాను. అరిచినకొద్దీ బరువు తగ్గుతూ వచ్చింది. చివరికి సున్నా చూపించింది.

నా తర్వాత మారిట్ వెళ్ళింది. ఆ మనిషి నోరు తెరిచి కాదనబోవడం తను చూసిందనీ, గోడ పచ్చగా ఉందని అడక్కుండా వదిలేసిందనీ చెప్పిందట. డచ్చివాళ్ళు తప్పులెంచుతారు కాబట్టి దానికి సగం బరువు. మిగిలినవన్నీ కలిపి తీర్పు వచ్చింది. కొలతలు దాచిపెట్టిన నాయకుడిదే పూర్తి తప్పు. కింద వీరభద్రం గారి పేరు. ఆయన ఇంటికి వెళ్ళే కాగితం మీద అదే ఉంటుంది.

మెట్ల దగ్గర మారిట్ మళ్ళీ ఆపింది. నువ్వు ఆ రోజు నాకు అబద్ధం చెప్పావు అంది. చెప్పాను అన్నాను. నువ్వా రోజు పచ్చరంగు చూసి లేచిపోయావు అన్నాను. లేచిపోయాను అంది. దగ్గరికి తీసుకోవడాలూ ఓదార్చుకోవడాలూ ఏమీ లేవు. ఆవిడ అంటే నాకు ఇప్పటికీ గిట్టదు. కానీ ఈ ఓడలో నా మాటని తూచకుండా విన్నది ఆవిడొక్కతే.

46వ రోజు

వయసులో తర్వాతిదాన్ని నేనే కాబట్టి మంచుపనికి పెద్దని చేశారు. ఉప్మా దగ్గర బాబాయ్ చోటులో నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు, నిలబడే తిన్నాను.

ఉత్తరాన కొత్త గుంజ సగం దిగింది. అంతదాకా కొండ బరువంతా దక్షిణపు గుంజ మీదే. రూతుని వంటగదినుంచి పిలిపించి అక్కడ పెట్టమని కంపెనీ ఉత్తర్వు. పొద్దున తూకం గుండు వేశాను. వేలెడు ఎడముంది.

ఎనిమిదింటికి మారిట్ అడిగింది. వెచ్చటి నీళ్ళలోనే ఉన్నాం, కొండ రోజురోజుకీ చిక్కిపోతోంది, ఒక్క గుంజతో సగం జోరున లాగొచ్చా అని.

వేలెడే కదా. లాగకపోతే నీళ్ళు పోతాయి, లాగితే ఏమో, ఆగినా ఆగుతుంది. పెద్దనైన మొదటిరోజే కాదంటే ఏమనుకుంటారు అన్నది కూడా మనసులోకి వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది. ఒక సెకను గడిచింది.

పక్కన రూతు కదిలింది. గోడ వంక భయంగా చూస్తోంది. నా పరువు ఎక్కడ పోతుందోనని దాని భయం. రేపు ఆ గుంజ దగ్గర నిలబడేది తనే. అయినా నాకోసం ఊపిరి తీసుకుని పెదవులు విప్పింది.

బల్లకింద దాని మణికట్టు పట్టుకున్నాను. నొప్పెట్టేంత గట్టిగా. మాట దాని నోట్లోనే ఆగిపోయింది.

"లాగకూడదు" అన్నాను. "గుంజ వాలింది. వేలెడు. ఆపండి."

మారిట్ మెచ్చుకోలేదు, పళ్ళికిలించలేదు. లేచి ఇంజను ఆపడానికి వెళ్ళిపోయింది. గోడ మాత్రం ఏ రంగూ ఎక్కలేదు. పెద్దరికంలో ఉన్న తెలుగు మనిషి నలుగురిలో మొహాన కాదంటే ఎంత బరువో మా కార్డులో రాసిలేదు. చాలాసేపటికి ఆ మెత్తటి గొంతు, సరిగ్గా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంది.

మళ్ళీ చెప్పాను. రూతు చెయ్యి వదల్లేదు.